శుభ్రం చేసిన గొంతు

"నీ మొహం నువ్వు తీరిగ్గా చూసుకుని ఎన్నాళ్లయింది డిజ్జీ?" అన్నాడు కెల్సో, కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పుతూ.

ఆమె పేరు జిఫా. వాళ్ల ఎవే భాషలో గుండె చల్లబడిందని అర్థం. ఘానా నుంచి ఒహాయో వచ్చి ఈ కాలేజీలో నర్సింగ్ పిల్లలకి శరీర నిర్మాణం చెప్పడం మొదలెట్టిన నాటి నుంచీ, విభాగం పెద్ద కెల్సోకి ఆ పేరు నోరు తిరగలేదు. తిప్పుకుందామని చూడనూ లేదు. డిజ్జీ అన్నాడు. తలతిరుగుడు. మొదటిరోజు మర్యాదకి నవ్వింది. ఒకసారి నవ్వాక ఇంకేముంది, అదే ఖాయమైపోయింది.

తెర మీద ఉన్నది కిందటి అక్టోబరులో స్టూడియోలో కూచోబెట్టి తీసిన పాఠం. పసుపుపచ్చ అద్దకం జాకెట్టు, చెవులకి పూసల దిద్దులు, తనే. తెర మీది జిఫా నోరు తెరిచింది. బయటికొచ్చిన గొంతు జిఫాది కాదు. పూర్తిగా కాకుండానూ పోలేదు. ఆ కాస్త బొంగురు ఆమెదే. మాటలు మాత్రం టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి మాటల్లా, అంచులన్నీ చిత్రిక పట్టేసినట్టు నున్నగా జారిపోతున్నాయి.

"ఎవరిది ఈ గొంతు?"

"నీదే! కాస్త శుభ్రం చేశాం, అంతే. యాస తీసేసే యంత్రం. కొత్త సంవత్సరం సెలవుల తరవాత నించి ఆన్‌లైన్ క్లాసులన్నిటికీ ఇదే నడుస్తోంది. పిల్లలు నీకిచ్చిన మార్కులు చూశావా? ఇన్నాళ్లూ 'ఆవిడ చెప్పేది అర్థం కాదు' అని ఏడ్చిన వాళ్లే ఇప్పుడు 'ఎంత స్పష్టంగా చెబుతుందో' అంటున్నారు. పాఠం మారలేదు. ఒక్క మాట మారలేదు!"

అదే ఆమెకి మింగుడుపడలేదు. ఒక్క మాట మారలేదు.

ఆమె తెరకి దగ్గరగా వంగింది. పెదాలు కూడా ఆ కొత్త మాటలకి తగ్గట్టే కదులుతున్నాయి. నోరు విప్పినప్పుడల్లా ఏదో తేడా. ఏమిటో తెలియడానికి కొంతసేపు పట్టింది. ముందు పళ్ల మధ్య సందు లేదు. వాళ్ల ఊళ్లో ఆ సందుని చూసి పిల్ల అదృష్టవంతురాలనేవారు, సందు లేని ఆడపిల్లలు కుళ్లుకునేవారు. తెర మీది నోట్లో పళ్లు గోడకి పరిచిన పలకల్లా కలిసిపోయి ఉన్నాయి.

"నా పళ్లు..."

"ఆఁ, అదా? పెదాలు సర్దేటప్పుడు లోపలున్నవి కూడా తనే సర్దుకుంటుంది. పంటి డాక్టరు దగ్గరికెళ్తే ఎంత గుంజుతాడో తెలుసా నీకు? ఇక్కడ ఊరికే!" కెల్సో తన జోకుకి తనే నవ్వి, గొంతు తగ్గించాడు. "విను. ఇవే మార్కులు ఉంటే నీ గ్రీన్ కార్డు కాగితాలు వచ్చేవారం పంపించేస్తాం. డీన్‌తో మాట్లాడాను."

ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న మాట అది. ఆ మాట ఆ బల్ల దగ్గర, ఆ పళ్ల ముందు వినాల్సి వచ్చింది. జిఫా "థాంక్స్" అంది. అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. బాత్రూముకి వెళ్లి, అద్దం ముందు నోరు తెరిచి నిలబడింది. ఎవరో లోపలికి రాగానే టక్కున మూసేసింది, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు.

గదిలో పక్క బల్ల ఫర్రూఖ్‌ది. ఉజ్బెక్ కుర్రాడు, లెక్కలు చెబుతాడు. ఆమెలాగే ఏడాదికోసారి కాంట్రాక్టు. విషయం వినగానే పగలబడి నవ్వాడు.

"నీకిప్పుడా తెలిసింది అక్కా? నేను క్లాసులో కూడా ఆ యంత్రం ఉన్న హెడ్‌ఫోన్లు తగిలించుకునే చెబుతున్నాను. నా నాలుకకి సెలవిచ్చేశాను. ఇంటికెళ్లి మా ఆవిడతో మాట్లాడితే, 'ఇదేంటి, ఇంట్లో మాత్రం పల్లెటూరి గొంతేసుకొచ్చావ్' అంటోంది."

"నీకు అసహ్యం వెయ్యట్లేదూ?"

"వేస్తుంది." నవ్వు ఆపకుండానే అన్నాడు. "అసహ్యానికి వీసా ఇవ్వరు కదా."

*

మధ్యాహ్నం ల్యాబు. ఒక్కొక్క బల్ల మీదా ఒక్కొక్క పళ్లెం, పళ్లెంలో గొర్రె గుండె. గది నిండా మందు నీళ్ల వాసన. జిఫాకి ఈ పనంటే ప్రాణం. గ్లవుసు వేసుకున్న చూపుడువేలు పెద్ద ధమనిలో దూర్చి, లోపలికి దారి వెతుక్కుంటూ పోయి, ఎడమ గదిలో తేలుతుంది. "ఇక్కడ గోడ నొక్కి చూడండి. మందం. ఇటు కుడివైపు నొక్కండి. పల్చన. ఎందుకు? ఇది ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు, అది కాలి గోళ్ల దాకా తొయ్యాలి." కత్తితో కోసి, రెండు బొటనవేళ్లతో పుస్తకంలా విప్పి చూపించింది. కవాటాలని పట్టి ఉంచే తెల్లటి దారాలని పట్టకారుతో ఎత్తి, వదిలింది. అవి తీగల్లా అదిరాయి.

పిల్లలు వంగి చూస్తున్నారు. వెనకనించి టైలర్ అనే కుర్రాడు చెయ్యెత్తాడు.

"మేడమ్, ఒకటడగనా? ఏమీ అనుకోకండి."

"అడుగు."

"వీడియోల్లో చక్కగా మాట్లాడతారు కదా. మరి ఇక్కడికొచ్చేసరికి ఎందుకిలా మాట్లాడతారు?"

వాడి మొహంలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. తను కావాలని ఈ యాస తెచ్చిపెట్టుకుంటోందని వాడి అనుమానం. జిఫా పట్టకారు పళ్లెంలో పెట్టింది. చేతిలో గుండె చల్లగా ఉంది.

"ఇదే నా గొంతు టైలర్. అది యంత్రం."

"ఓ," అన్నాడు వాడు. మళ్లీ, "అయితే ల్యాబులో కూడా ఆ యంత్రం పెట్టుకోవచ్చు కదా మేడమ్?"

పళ్లేలు కడిగి సర్దుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయి తలెత్తింది. హోదాన్. సోమాలీ పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. పగలు ఇల్లు, సాయంత్రాలు ఆన్‌లైన్ పాఠం, వారానికోసారి ల్యాబు, రెండు రోజులు ముసలివాళ్ల నర్సింగ్ హోములో శిక్షణ. ల్యాబు ఎప్పుడూ మానదు. ఇవాళ మానింది. మంచు తడిసిన కోటు విప్పకుండానే నిలబడి ఉంది.

"నన్ను శిక్షణలోంచి తీసేశారు టీచర్."

"ఏమైంది?"

"మిస్టర్ ఓమ్‌స్టెడ్ అని ఒకాయన. తుంటి మార్చి పది రోజులైంది. పక్కకి తిప్పాలి. నర్సమ్మ హడావిడిగా వెళ్తూ వెళ్తూ ఓ మాట చెప్పింది, కాలు ఎటు ఉంచాలో. వీడియోలో విన్న మాటే. నేను కాలు లోపలికి తెచ్చాను. రెండు మోకాళ్లూ కలిపాను." హోదాన్ రెండు చేతులూ దగ్గరికి తెచ్చి చూపించింది. "టక్కుమంది టీచర్. నాకు వినపడింది. ఆయన అరిచిన అరుపు..."

తుంటి కీలు గూట్లోంచి జారిపోయింది. ముసలాయన్ని మళ్లీ ఆపరేషనుకి తీసుకెళ్లారు. నర్సింగ్ హోము వాళ్లు కాలేజీకి రాసి పంపారు: ఈ పిల్లకి ఇంగ్లీషు రాదు, ఇలాంటివాళ్లని పంపొద్దు.

"ఏ పాఠం అది?" అంది జిఫా.

"కీళ్ల పాఠం. అందులో మీరు ఒకే మాట రెండుసార్లు అన్నారు. ఒకసారి లోపలికి అన్నారు, ఒకసారి బయటికి అన్నారు. రెండోది పొరపాటున అని ఉంటారనుకున్నాను. కింద ప్రశ్నలకి తనంతట తనే జవాబిచ్చే డబ్బా ఉంటుంది కదా, అందులో అడిగాను కూడా. 'చాలా గొప్ప ప్రశ్న!' అని మొదలెట్టి అదే మాట మళ్లీ చెప్పింది."

"నన్ను అడక్కపోయావా? ప్రతివారం ఇక్కడే ఉంటాను కదా!"

హోదాన్ నేల చూపులు చూసింది. "వీడియోలో ఉన్నది మీరే కదా టీచర్. మీ తప్పు మీకే చూపించినట్టుంటుందని..."

*

ఆ సాయంత్రం ఇంట్లో జిఫా పొయ్యి మీద బాంకు, అంటే వాళ్ల ఊరి మొక్కజొన్న సంకటి, కలుపుతూ, పక్కన గట్టు మీద లాప్‌టాప్ పెట్టి ఆ పాఠం వేసింది.

కాలు ఒంటికి దూరంగా బయటికి జరిపితే అబ్‌డక్షన్. ఒంటివైపు లోపలికి తెస్తే అడ్‌డక్షన్. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ల నోట్లో ఈ రెండూ ఇంచుమించు ఒకేలా నలుగుతాయి. అందుకే జిఫా తన క్లాసులో 'అబ్' దగ్గర ఆగి బల్ల మీద చరిచి చెయ్యి బయటికి విసిరేది. 'అడ్' దగ్గర ఆగి, చరిచి, చెయ్యి గుండెకి తెచ్చుకునేది. పిల్లలు నవ్వేవారు. నవ్వినవాళ్లు మరిచిపోయేవారు కాదు. స్టూడియోలో కూడా అలాగే చెప్పింది.

తెర మీద చేతులు లేవు. భుజాల పైకి కత్తిరించేశారు. చప్పుడు లేదు, అనవసరమైన రొద కింద తీసేశారు. ఆగిన చోట ఆగడం లేదు. నున్నటి గొంతు అంది: "లోపలికి తెస్తే అడక్ట్, బయటికి జరిపితే అడక్ట్." కింద పడే అక్షరాలు కూడా ఆ గొంతుని విని పడ్డవే. అవీ రెండుచోట్లా ఒకటే.

పిండి గట్టిపడి తెడ్డుకి అడ్డం తిరుగుతోంది. జిఫా గిన్నె కదలకుండా గోడకి ఆనించి, రెండు చేతులా కలుపుతోంది. మళ్లీ వేసింది. మళ్లీ. నాలుగోసారీ వేసింది. తన నోరు. తన జాకెట్టు. ఆ నోరు ఒక ముసలాయన కాలు ఊడగొట్టింది.

పదిహేనేళ్ల కూతురు ఎసినామ్ ఫ్రిజ్ తెరవబోయి ఆగింది.

"అమ్మా, ఎవరది? నువ్వేనా? భలే ఉంది!"

"భలే ఉందా?"

"మామూలుగా మాట్లాడుతున్నావ్." ఆ పిల్ల పెరుగు డబ్బా తీసుకుని మూత నాకింది. "చిన్నప్పుడు స్కూలుకి వచ్చినప్పుడు నువ్విలా మాట్లాడి ఉంటే నన్నెవరూ ఏడిపించేవాళ్లు కాదు."

జిఫా తెడ్డు ఆపింది. ఎసినామ్ తను ఏమందో అప్పటికి గ్రహించినట్టుంది. "ఊరికే అన్నాలే," అంది. కాస్సేపు నిలబడి, తల్లి భుజానికి భుజం రాసి, గదిలోకి పోయింది. కలపడం ఆపిన పిండి అడుగంటి మాడు వాసన వేసింది.

*

బుధవారం హోదాన్ మీద విచారణ. గది బయట కెల్సో ఆమె మోచెయ్యి పట్టుకుని ఓ పక్కకి తీసుకెళ్లాడు.

"ఒక్క మాట అడుగుతారు. 'పాఠంలో ఈ విషయం చెప్పారా?' అని. చెప్పాను అను. అది నిజమే కదా? నిన్నెవరూ అబద్ధం ఆడమనట్లేదు."

"ఆ పిల్ల సంగతి?"

"ఆ పిల్ల ఇంకేదైనా పని చూసుకుంటుంది. గొంతు సంగతి ఎత్తావనుకో, ఆ వీడియోలు పోతాయి. వీడియోలు పోతే నీ మార్కులు పోతాయి. మార్కులు పోతే డీన్‌తో నేనేం మాట్లాడను?" నొప్పి తెలియకుండా సూది వేసే వాడిలా ఆమె చెయ్యి తట్టాడు. "నీకూ ఓ కూతురుంది."

ఆ మాటతో అప్పటిదాకా మిగిలిన మొహమాటం కూడా చచ్చిపోయింది జిఫాకి. కానీ భయం చావలేదు. ఆ భయంతోనే లోపలికెళ్లి కూచుంది.

పొడుగాటి బల్ల. ఆ చివర డీన్, సన్నటి నెరిసిన జుట్టావిడ. ఇటు కెల్సో. ఎదురుగా హోదాన్, తల మీది గుడ్డ గడ్డం దాకా లాక్కుని, ఒళ్లో రెండు చేతులూ ముడుచుకుని. గోడ మీది తెర మీద నర్సింగ్ హోము పెద్దావిడ, మిసెస్ ప్రూయిట్, తన ఆఫీసులోంచే మాట్లాడుతోంది. బల్ల మధ్యలో మైకు.

మిసెస్ ప్రూయిట్ చెప్పాల్సింది చెప్పింది. హోదాన్‌ని అడిగితే, ఆ పిల్ల తలదించుకుని, "నేను అలాగే విన్నాను," అని మాత్రం అంది. "చూశారా?" అంది మిసెస్ ప్రూయిట్. "నేను చెప్పేదీ అదే. వినడం రావాలి ముందు."

డీన్ జిఫా వైపు తిరిగింది. "ఈ విషయం మీ పాఠంలో ఉందా?"

కెల్సో కళ్లెత్తకుండా పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు.

"చెప్పాను," అంది జిఫా.

కెల్సో పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా హోదాన్ తలెత్తి చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఉన్నా జిఫా ఓర్చుకునేది. లేదు. చెప్పింది కదా, టీచర్ చెప్పే ఉంటుంది, తప్పు నాదే అన్న నమ్మకం ఉంది.

"నేను చెప్పాను," అంది జిఫా మళ్లీ. "పిల్లలు విన్నది అది కాదు. మీరు నా గొంతు తీసి వేరే గొంతు పెట్టారు. రెండు మాటలు. అబ్‌డక్ట్. అడ్‌డక్ట్. ఒకటి బయటికి, ఒకటి లోపలికి. నేను వేరువేరుగా చెప్పాను. ఆ గొంతు రెంటినీ ఒకటి చేసింది."

"మనం దారి తప్పుతున్నాం," అన్నాడు కెల్సో.

తెర మీది మిసెస్ ప్రూయిట్ అద్దాలు సర్దుకుంది. "నాకొకటి అర్థం కాలేదు. ఈవిడ ఒకే మాట రెండుసార్లు అంటోంది."

"లేదే," అంది డీన్. "వేరువేరుగానే అంది."

"నాకలా వినపడలేదు."

"అబ్‌డక్ట్!" జిఫా అరచేత్తో బల్ల చరిచింది. మంచినీళ్ల గ్లాసులు ఎగిరాయి. "అడ్‌డక్ట్!" మళ్లీ చరిచింది. డీన్ ఉలిక్కిపడి కుర్చీలో వెనక్కి జరిగింది.

మిసెస్ ప్రూయిట్ ఉలిక్కిపడలేదు. కనురెప్ప కూడా వెయ్యలేదు. "ఆవిడ మాట చక్కగా, స్పష్టంగా ఉంది, దాన్నేమీ అనను," అంది మర్యాదగా. "కానీ ఆ రెండూ ఒకటే మాట. అడక్ట్, అడక్ట్ అంటోంది."

కెల్సో మెల్లిగా మైకు వైపు చెయ్యి చాచాడు. కాలేజీ మీటింగు మైకులన్నిటికీ ఆ యంత్రమే తగిలించారని, పోయిన నెల తనే ఆ పని చేయించాడని అతనికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

అతని చెయ్యి మైకుని చేరేలోపల హోదాన్ లేచి నిలబడింది. తెర వైపు వేలు చూపించింది.

"ఆవిడకి ఇప్పుడు వినపడిందే," అంది, "అప్పుడు నాకు వినపడింది."

*

తప్పు హోదాన్‌ది కాదని తేల్చారు. అలాగని ఎవరిదీ కాదని కూడా తేల్చారు. "సాంకేతిక అస్పష్టత" అన్నారు. ఆ పిల్ల కీళ్ల పాఠం మళ్లీ చదివి, వచ్చే సెమిస్టరులో శిక్షణకి వెళ్లొచ్చన్నారు. ముసలాయన జోలికి మాత్రం వెళ్లకూడదు, ఫోను చెయ్యకూడదు, క్షమించమని అడక్కూడదు. అడిగితే ఒప్పుకున్నట్టవుతుందని కాలేజీ లాయరు చెప్పాడట.

శుక్రవారం కెల్సో గది గుమ్మంలో నిలబడి, ఏమీ జరగనట్టే నవ్వాడు.

"ఒక గంట చాలు డిజ్జీ. స్టూడియోకొచ్చి ఆ రెండు మాటలూ మళ్లీ చెప్పు. కంపెనీ వాళ్లు సరిచేస్తామన్నారు."

"నా గొంతుతో ఉంచుతారా?"

"రెండు మాటలకి ఒక గొంతు, మిగతా దానికి ఒక గొంతా? ఎబ్బెట్టుగా ఉండదూ?"

"అయితే నా మొహం తీసెయ్యండి."

"మొహం కాలేజీది," అన్నాడు కెల్సో. అనేశాక తనకే ఎలాగో అనిపించిందేమో, "అంటే, రికార్డింగు," అన్నాడు.

పక్క బల్ల దగ్గర ఫర్రూఖ్ తల ఎత్తకుండా జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. ఎర్ర పెన్ను కాగితం మీద కదలడం మానేసింది.

"నేను రాను," అంది జిఫా. "నా పేరు జిఫా. నోరు తిరక్కపోతే యంత్రాన్ని అడగండి."

కెల్సో ఆ మాటకి నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, ఇంత చేసినా విశ్వాసం లేదనుకునే వాడి మొహం పెట్టాడు. గ్రీన్ కార్డు ఊసెత్తలేదు. ఎత్తక్కర్లేదు. అతను వెళ్లిపోయాడు. ఆ కీళ్ల పాఠం ఒక్కటి తీసేసి మిగతా పాఠాలన్నీ నడుస్తూనే ఉంటాయని ఆమెకి తెలుసు. మేలో కాంట్రాక్టు అయిపోయాక కూడా, తనని ఎన్నడూ చూడని పిల్లలకి ఆ పళ్లున్న నోరు ఎముకల పేర్లు చెబుతూనే ఉంటుంది. ఆ ఆలోచనకి ఒంటి మీద ఏదో పాకినట్టయి, ముంజేతులు రుద్దుకుంది.

ఫర్రూఖ్ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి, బల్ల మీద పెట్టి, వాటికేసి కాస్సేపు చూశాడు. క్లాసు గంట కొట్టగానే మళ్లీ తగిలించుకున్నాడు. "సోమవారం నించి మానేస్తానక్కా," అన్నాడు. మానడని ఇద్దరికీ తెలుసు.

*

శనివారం హోదాన్ ఫోను చేసింది. "నేను ఆయన దగ్గరికెళ్తున్నాను టీచర్. లాయరు ఏమన్నా సరే. మీకు చెప్పి వెళ్దామని."

"ఉండు, నేనూ వస్తున్నాను," అంది జిఫా.

ఆసుపత్రిలో ఓమ్‌స్టెడ్ మంచం కిటికీ పక్కన. బక్కపల్చటి మనిషి, గడ్డం గీసుకోలేదు. రెండు కాళ్ల మధ్యా పెద్ద త్రికోణపు దిండు పెట్టి పట్టీలతో కట్టారు. పళ్లెంలో ముట్టుకోని జెల్లీ. హోదాన్‌ని చూడగానే గుర్తుపట్టాడు.

"నువ్వా? రెండో కాలు కోసం వచ్చావా?"

హోదాన్ మంచం దాకా వచ్చి నిలబడింది. చెంపల మీద నీళ్లు జారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"ఏడవకు, నాకు చిరాకు. ఆ నర్సింగ్ హోము వాళ్లు పూలు పంపారు, నేనేదో చచ్చినట్టు. కాలేజీ వాళ్లు అదీ లేదు. మనిషన్నవాళ్లు రావడం ఇదే." ఆయన జిఫా వైపు చూశాడు. "ఈవిడెవరు?"

"నేను ఈ అమ్మాయి టీచర్ని," అంది జిఫా. తను అనుకున్నదంతా ఒక్క ఊపున చెప్పేసింది: పాఠం తనదని, గొంతు మార్చారని, మాట పోయిందని, అమ్మాయి తప్పు లేదని, తనకి ముందే తెలియకపోవడం తన తప్పని.

ఓమ్‌స్టెడ్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు. విని మొహం చిట్లించాడు.

"నువ్వన్నదాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు."

జిఫా మొహంలోకి రక్తం పొంగింది. హోదాన్ వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు.

"ఆ పిల్లనెందుకు చూస్తావ్? నువ్వు చెప్పు," అన్నాడు ముసలాయన విసుగ్గా. "కుర్చీ ఇలా లాక్కో. ఆ టీవీ కట్టెయ్. నాకేం రైలుకి టైమైపోవట్లేదు, కాలే లేదు కదా."

ఆమె కుర్చీ లాక్కుని మంచం పక్కన కూచుంది. నెమ్మదిగా, చేతులతో సహా మొదలెట్టింది. ఆయన మధ్యలో ఆపాడు. "ఏం డక్ట్?" చెప్పింది. మళ్లీ ఆపాడు. చెప్పింది. "అబ్," అన్నాడాయన, పెదాలు గట్టిగా కలిపి విడదీస్తూ. "అడ్. అబ్. ఛీ, ఇవేం మాటలు? ఎవడు పెట్టాడు?"

"పాతకాలం రోమనులు."

"వాళ్లంతా చచ్చారా?"

"అందరూ చచ్చారు."

"మంచి పని అయింది." ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే తుంటిలో కలుక్కుమంది కాబోలు, మంచం కమ్మీ పట్టుకుని ఓ బూతు మాట అన్నాడు. హోదాన్ చటుక్కున వంగి ఆయన మోకాలి కింద చెయ్యి వేసి, దిండు జారకుండా పట్టుకుంది. నొప్పి తగ్గేదాకా ముగ్గురూ కదలకుండా ఉన్నారు.

ఓమ్‌స్టెడ్ దిండు మీద తల వాల్చి, కళ్లు మూసుకుని, వినపడే చెవి జిఫా వైపు తిప్పాడు.

"ఊఁ, గొంతు మార్చారన్నావ్," అన్నాడు. "ఎవరు? అక్కణ్ణించి చెప్పు."